నేను లాగేసిన చేతులు

మా కుట్టుశాలలో దుమ్ము పడే ప్రతి వస్తువుకీ ఒక తొడుగు ఉంటుంది. మిషన్లకి ఉంది, ఇస్త్రీ పెట్టెకి ఉంది. గోడ గడియారానికి కూడా ఒకప్పుడు ఉండేది, టైం కనపడటం లేదని ఓనరమ్మ పీకించేసింది. కాబట్టి మెట్ల పక్కన గోడకి గుండె ఆగిన మనిషికి షాక్ ఇచ్చే పెట్టెని కంపెనీవాళ్ళు బిగించి వెళ్ళిన మర్నాడే మా కటింగ్ మాస్టర్ టేపు పట్టుకుని దాని కొలతలు తీసుకుంటుంటే ఎవరూ వింతగా చూడలేదు. మిగిలిన నీలం గుడ్డతో, లోపల లైనింగ్ కూడా వేసి, పక్కన నాలుగు బొత్తాలతో చక్కటి తొడుగు కుట్టాడు. ఆ బొత్తాలకి కాజాలు కుట్టింది నేనే. ఇప్పుడు దాచి ప్రయోజనం లేదు.

నా పనే అది. హోటళ్ళకీ ఆసుపత్రులకీ యూనిఫారాలు కుట్టే ఆ షాపులో ఇరవై ఆరేళ్ళుగా కాజాలు కుడుతున్నాను, బొత్తాలు వేస్తున్నాను. నా అసలు పేరు షాపులో సగం మందికి తెలియదు, అందరికీ కాజాలక్కనే. ముక్కు మీద కోపం అంటారు నాకు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా సూది మొన చూస్తూ కూర్చునే మనిషి ముక్కు మీద ఇంకేం ఉంటుంది?

పెట్టె పెట్టించాక దాన్ని వాడటం నేర్పడానికి ఒకావిడ వస్తుందన్నారు. అంబులెన్సులో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరైన నర్సు. నెలకో బుధవారం, భోజనాలయ్యాక ఒక గంట, విడతకి అరడజను మంది. మొదటి నెల జాబితాలో నా పేరుంది. తలనొప్పి అన్నాను. రెండో నెల పళ్ళ డాక్టర్ దగ్గరకి వెళ్ళాలన్నాను. నా పళ్ళు నిక్షేపంగా ఉన్నాయి.

"ఏంటక్కా, రబ్బరు బొమ్మకి భయపడుతున్నావా?" అని మా ఇస్త్రీ తమ్ముడు ఆటపట్టించాడు. వయసులో నాకంటే నాలుగేళ్ళు చిన్న, నోరు మాత్రం నలభై ఏళ్ళు పెద్ద.

"నీ మొహానికి భయపడనిదాన్ని, బొమ్మకి భయపడతానా?" అన్నాను.

కానీ భయమే. బొమ్మంటే కాదు. నేర్చుకుంటే తెలిసిపోతుందని.

ఆరేళ్ళ కిందటి సంగతి. పొద్దున ఏడు గంటలు. మా ఆయన పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే పని చేసేవారు. డ్యూటీకి బయల్దేరుతూ ముందు గదిలో కుర్చీలో కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటున్నారు. ఒక లేసు కట్టారు. రెండోది కట్టబోతూ అలాగే ముందుకి ఒరిగి నేల మీద పడ్డారు. చప్పుడు విని నేను వంటింట్లోంచి వచ్చేసరికి మా అబ్బాయి ఆయన్ని వెల్లకిలా తిప్పి పిలుస్తున్నాడు. పలకలేదు. వాడికప్పుడు ఇరవై రెండేళ్ళు, లిఫ్టులు బాగుచేసే పని నేర్చుకుంటున్నాడు. కరెంటు పని కదా, షాక్ కొడితే ఏం చెయ్యాలో ఒక పూట నేర్పారట. వాడు ఫోన్లో అంబులెన్సుకి చెప్పి, పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, తండ్రి ఛాతీ మీద రెండు చేతులూ పెట్టి నొక్కడం మొదలుపెట్టాడు. పైకి లెక్కపెడుతున్నాడు.

అప్పుడు మా ఆయన నోరు తెరిచి గురక లాంటి శబ్దం చేశారు. కాసేపాగి మళ్ళీ ఒకటి. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. "ఊపిరి తీస్తున్నారు కదరా! వదులు! చంపేస్తావా మనిషిని!" అని అరిచి, వాడి చేతులు రెండూ పట్టుకుని లాగేశాను. వాడు వెనక్కి పడ్డాడు. మళ్ళీ దగ్గరకి రాలేదు, గోడకి ఆనుకుని అలాగే ఉండిపోయాడు. నేను మొహం మీద నీళ్ళు చల్లాను, విసనకర్రతో విసిరాను, పాదాలు రుద్దాను. అంబులెన్సు రావడానికి పద్నాలుగు నిమిషాలు పట్టింది.

ఆసుపత్రిలో ఒక డాక్టరు, కుర్రవాడే, నన్ను పక్కకి పిలిచి మెల్లగా అడిగాడు. "ఇంట్లో ఎవరైనా ఛాతీ నొక్కారా అమ్మా?" మా వాడు అవతల కౌంటర్లో వివరాలు రాయిస్తున్నాడు. డాక్టరు అడిగిన తీరులోనే నాకు తెలిసిపోయింది, నొక్కి ఉంటే మంచిదని. నొక్కారంటే, మరెందుకు ఆపారని అడుగుతాడు. "లేదండీ" అన్నాను.

ఆ అబద్ధం సంగతి ఆరేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. నాకున్నది వాడొక్కడే. అమ్మ లాగకపోతే నాన్న బతికేవాడని వాడికి తెలిసిన రోజున నాకు కొడుకు కూడా ఉండడు. నా భయమల్లా అదే. వాడు పెళ్ళి చేసుకుని నాలుగు బస్టాపుల అవతల ఉంటున్నాడు. ప్రతి ఆదివారం వస్తాడు, పెరటి గుమ్మంలోంచి. ఏది పాడైతే అది బాగుచేస్తాడు, వంటింట్లో నిలబడే టీ తాగుతాడు, వెళ్ళిపోతాడు. ముందు గదిలో అడుగు పెట్టడు. వాడికి ఇప్పటికే అనుమానం వచ్చిందనీ, నా మీద కోపాన్ని కడుపులో దాచుకుని తిరుగుతున్నాడనీ అనుకునేదాన్ని. అడిగే ధైర్యం లేదు.

మూడో నెల ఓనరమ్మ నా బల్ల దగ్గరకే వచ్చి నిలబడింది. "ఈసారి ఏ పన్ను నొప్పి?" అంది. తేలు కుట్టిన దొంగలా లేచి వెళ్ళాను.

మిషన్లన్నీ పక్కకి జరిపి నేల మీద దుప్పటి పరిచారు. దాని మీద నడుం దాకానే ఉన్న బొమ్మ. నర్సమ్మ పొట్టిగా, గట్టిగా ఉంది. గొంతు పెంచదు, కానీ గదిలో చివరి మనిషికి కూడా వినిపిస్తుంది. గత రెండు నెలలూ తన వెంట తెచ్చుకున్న పెట్టెతోనే చూపించిందట. ఈసారి, "మీది చూద్దాం. ఎక్కడుంది?" అంది.

అందరం నీలం తొడుగు వైపు చూపించాం. మాస్టర్ గర్వంగా వెళ్ళి నాలుగు బొత్తాలూ ఒక్కొక్కటే విప్పి, తొడుగు తీసి, మడతపెట్టి, బల్ల మీద పెట్టి, అప్పుడు పెట్టె తెచ్చాడు. నర్సమ్మ చేతి గడియారం చూసుకుంది.

"ఇరవై మూడు సెకన్లు. అది కూడా, ఇది ఇక్కడుందని తెలిసినవాళ్ళకి. చాలా బాగా కుట్టారు మాస్టారూ. తీసి అవతల పారెయ్యండి" అంది.

మాస్టర్ మొహం చిన్నబోయింది. ఇస్త్రీ తమ్ముడు నవ్వాపుకోలేక దగ్గాడు.

ఆ తర్వాత ఇంకో ముచ్చట. బొమ్మకి తొడగడానికి పాత చొక్కా ఒకటి ఇమ్మంది నర్సమ్మ. మా షాపులో పాత చొక్కా ఎక్కడుంటుంది? హోటల్ ఆర్డర్లోంచి, అప్పుడే ఇస్త్రీ అయిన కొత్తది తొడిగారు. మాస్టర్ని కూర్చోబెట్టి చేతికి కత్తెర ఇచ్చింది. "మనిషి పడిపోయాడు, పలకడం లేదు, ఊపిరి లేదు. ఒకరు ఫోన్ చేస్తున్నారు, ఒకరు ఛాతీ నొక్కుతున్నారు. మీరు పెట్టె తెచ్చారు. దాంట్లోని ఈ జిగురు అట్టలు రెండూ ఒంటికి అతికించాలి. ఛాతీ మీద బట్ట ఉండకూడదు. కానివ్వండి" అంది.

నలభై ఏళ్ళుగా తాన్లకి తాన్లు కోసిన చెయ్యి అది. కత్తెరని చొక్కా అంచు దాకా తీసుకెళ్ళి అక్కడ ఆగిపోయింది. కాసేపు చూసి, కత్తెర కింద పెట్టి, మెడ దగ్గర్నుంచి బొత్తాలు విప్పడం మొదలుపెట్టాడు. కింద అంచు లోపలికి మడత పడి ఉంటే దాన్ని సర్దాడు కూడా.

"కత్తెర చేతిలో ఉండగా బొత్తాలెందుకు విప్పుతున్నారు?" అని అడిగింది నర్సమ్మ.

"కుట్టు పూర్తయిన బట్ట మీద కత్తెర పెట్టకూడదమ్మా. మా పనిలో మొదటి రోజు నేర్పేది అదే."

"లోపల మనిషి పోతున్నాడు మాస్టారూ."

మాస్టర్ నా వైపు చూశాడు. ఆ కాజాలు నావి. "నా మొహమేం చూస్తారు, కొయ్యండి!" అన్నాను. పళ్ళు బిగపట్టి కోశాడు. అప్పుడు కూడా బొత్తాల పట్టీ పక్కనుంచి, స్కేలు పెట్టి గీసినంత తిన్నగా కోశాడు, రేపు మళ్ళీ అతికించుకోవచ్చన్నట్టు. అందరం నవ్వాం. నర్సమ్మ కూడా నవ్వింది. "రోడ్డు మీద మామూలు జనానికి కత్తెర దొరకదు, లాగి చించుతారు. మీకు అన్నీ ఉన్నాయి, చెయ్యే రావడం లేదు" అంది.

పెట్టె తెరిస్తే అదే మాట్లాడుతుందని చూపించింది. అట్టలు ఎక్కడ అతికించాలో వాటి మీదే బొమ్మ ఉంది. ఎప్పుడు నొక్కాలో, ఎప్పుడు అందరూ దూరం జరగాలో అదే చెప్తుంది. గుండె కొట్టుకునే తీరు అదే చూసుకుంటుంది, అక్కర్లేనప్పుడు షాక్ ఇవ్వదు. "అది వచ్చేదాకా మీ చేతులే గుండె పని చెయ్యాలి. ఛాతీ మధ్యలో, మోచేతులు వంచకుండా, రెండంగుళాల లోతు. నొక్కాక పూర్తిగా పైకి రానివ్వండి. నిమిషానికి వంద పైనే. అంబులెన్సు వచ్చేదాకా ఆపొద్దు. అలసిపోతే పక్కనున్నవాళ్ళు అందుకోండి."

"అంత గట్టిగా నొక్కితే ఎముకలు విరగవా?" అన్నాడు ఇస్త్రీ తమ్ముడు.

"ఒక్కోసారి విరుగుతాయి, చప్పుడు కూడా వినిపిస్తుంది. విరిగినా ఆపొద్దు. పక్కటెముక నెలన్నరకో రెండు నెలలకో అతుక్కుంటుంది. ఆగిన గుండె తనంతట తాను మొదలవదు."

తర్వాత ఆవిడ, "ఇంకొకటి చెప్తాను, జాగ్రత్తగా వినండి. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే" అంటూ నోరు తెరిచి ఒక శబ్దం చేసింది. గురక లాంటిది. కాసేపాగి మళ్ళీ ఒకటి.

ఆ రోజు మా ఆయన చేసిన శబ్దం. అచ్చం అదే. ఆరేళ్ళ తర్వాత, మిషన్ల మధ్య, పట్టపగలు.

"ఇది ఊపిరి కాదు. గుండె ఆగిన మనిషి మొదటి కొన్ని నిమిషాలు ఇలా ఎగశ్వాస తీయొచ్చు. బతికే ఉన్నాడని నొక్కడం ఆపేస్తారు. ఆపొద్దు" అంది నర్సమ్మ.

తర్వాత ఎవరేం మాట్లాడారో నాకు సరిగ్గా వినపడలేదు. నా వంతు వచ్చింది. మోకాళ్ళ మీద కూర్చుని నొక్కాను. లోతు సరిపోయినప్పుడల్లా బొమ్మలోంచి టిక్కుమని వినిపిస్తుంది. ముప్ఫై నొక్కాక తర్వాతివాళ్ళకి వదలమని ఆవిడ ముందే చెప్పింది, నేను ఆపలేదు. అరవై దాటింది, తొంభై దాటింది. ముడి ఊడి జుట్టు మొహం మీద పడింది. షాపులో ఎవరూ నవ్వలేదు. నర్సమ్మ వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. "బాగా చేస్తున్నారు. ఇంక చాలమ్మా" అంది.

అందరూ మిషన్ల దగ్గరకి వెళ్ళాక నేను బొమ్మని సంచిలో పెట్టడానికి సాయం చేస్తున్నట్టు నిలబడ్డాను.

"ఆ శబ్దం విని, నొక్కేవాళ్ళని లాగేస్తే?" అన్నాను.

ఆవిడ సంచి జిప్పు లాగడం ఆపింది. "ఎవర్ని లాగేశారమ్మా?"

చెప్పాను. కుర్చీ, లేసులు, వాడి లెక్క, నా అరుపు, డాక్టరుతో ఆడిన అబద్ధం, అన్నీ. ఆరేళ్ళలో మొదటిసారి నోరు విప్పాను, అదీ ముక్కూమొహం తెలియని మనిషి ముందు. ఏడుపు రాలేదు.

ఆవిడ ఓదార్పు మాటలేమీ చెప్పలేదు. చెప్పి ఉంటే నాకు కోపం వచ్చేది. "బతికేవారా అంటే నేను చెప్పలేను. మొదటి నిమిషం నుంచీ నొక్కినా దక్కనివాళ్ళని చాలామందిని చూశాను. నొక్కితే ఒక అవకాశం ఉంటుంది, అంతే. ఆ శబ్దం విని ఆపేసినవాళ్ళని కూడా చాలామందిని చూశాను, చదువుకున్నవాళ్ళనే. మీకు ఎవరూ చెప్పలేదు, మీకెలా తెలుస్తుంది?" అంది. సంచి భుజాన వేసుకుంటూ, "మీ అబ్బాయి చేసింది మాత్రం సరైన పని. ఆ మాట ఆ అబ్బాయికి ఎవరైనా చెప్పారా?" అని అడిగింది.

లేదన్నాను. ఎవరు చెప్తారు? తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే.

ఆ నాలుగు రోజులూ నేను మనిషిని కాను. ఒక ఆసుపత్రి కోటుకి బొత్తాలు తిరగేసి కుట్టాను. మాస్టర్ చూసి, వాటిని విప్పి నా ముందు పెట్టాడు. చెప్తే కొడుకు పోతాడు. చెప్పకపోతే, చేసిన మంచి పని తనకే తెలియకుండా వాడు అలాగే బతుకుతాడు. ఎటు తిప్పి చూసినా, చెప్తే నష్టం నాకే తప్ప వాడికి కాదని తేలింది. ఆదివారం నీళ్ళు నమలకుండా చెప్పెయ్యాలనుకున్నాను.

ఆదివారం పది గంటలకి వచ్చాడు. వంటింటి కుళాయి కారుతోంది. కింద గూట్లో తలదూర్చి, వెల్లకిలా పడుకుని రెంచితో బిగిస్తున్నాడు. కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. మొహం కనపడనప్పుడు చెప్పడమే తేలికనిపించింది.

"నీకొక మాట చెప్పాలిరా. నాన్న పోయిన రోజు సంగతి."

రెంచి ఆగింది.

"ఆ రోజు నాన్న చేసిన శబ్దం ఊపిరి కాదట. మా షాపులో నేర్పారు. నువ్వు చేస్తున్నది సరైనదే. నేను నిన్ను లాగెయ్యకూడదు. తప్పు నాది. డాక్టరు అడిగితే ఎవరూ నొక్కలేదని అబద్ధం కూడా చెప్పాను. నువ్వు ఏమన్నా పడతాను. ఇంటికి రానన్నా పడతాను."

వాడు మెల్లగా బయటికి జరిగి లేచి కూర్చున్నాడు. నా వైపు చూడలేదు. చేతిలోని రెంచి వైపు చూస్తున్నాడు. ఇదిగో, ఇప్పుడు లేచి వెళ్ళిపోతాడనుకున్నాను.

"విరిగిందమ్మా" అన్నాడు.

"ఏంటి?"

"నాన్న ఎముక. నా చేతి కింద. టక్కుమని విరిగింది, నాకు తెలిసింది. ఆ తర్వాతే నాన్న అలా గురక పెట్టాడు. ఎముక గుచ్చుకుందనుకున్నాను. నువ్వు కూడా అన్నావు కదా, చంపేస్తావా అని." వాడి గొంతు మామూలుగానే ఉంది, ఎన్నోసార్లు తనలో తాను చెప్పుకున్న మాటలా. "నువ్వు చూసి కూడా నన్ను కాపాడటానికే ఎవరికీ చెప్పలేదనుకున్నా. అందుకే ఎప్పుడూ అడగలేదు. మా కంపెనీలో ఏడాదికోసారి ఆ ట్రైనింగ్ పెడతారు. ఆ రోజు సెలవు పెడతాను."

వాడి ఎదురుగా నేల మీద కూర్చున్నాను. ఆరేళ్ళు. నా తప్పు వాడికి తెలిసిపోతుందని నేను కుళ్ళిపోతుంటే, నేను నోరు జారిన ఒక్క మాట పట్టుకుని, తండ్రిని చంపానని వాడు మోస్తున్నాడు. వాడు ముందు గది తప్పించుకుని పెరటి గుమ్మంలోంచి వచ్చింది నా మీద కోపంతో కాదు. నా మీద నాకు పుట్టిన కోపం అంతా ఇంతా కాదు.

"ఎముకలు విరుగుతాయిరా!" అని అరిచాను. వాడు ఉలిక్కిపడ్డాడు. "విరుగుతాయి, విరిగినా ఆపకూడదు. ముప్ఫై ఏళ్ళు అంబులెన్సులో చేసినావిడ చెప్పింది. సరిపడా లోతు నొక్కేవాళ్ళ చేతుల కిందే అలా జరుగుతుంది. ఆ గురక ఎముక వల్ల కాదు, గుండె ఆగినందువల్ల. నువ్వు చంపలేదు. నాన్న కోసం ఆ గదిలో ఎవరైనా పనికొచ్చే పని చేశారంటే అది నువ్వే. ఆ మాట అన్నందుకు నన్ను క్షమించరా."

వాడు రెంచి కింద పెట్టి చేతులు తుడుచుకున్నాడు. "ఎంత లోతు అన్నారు?" అని అడిగాడు.

"రెండంగుళాలు."

"నేను సరిగ్గానే చేశానా?"

"రా, చూపించు" అన్నాను.

చెయ్యి పట్టుకుని ముందు గదిలోకి తీసుకెళ్ళాను. గడప దగ్గర ఒక్క క్షణం ఆగి లోపలికి వచ్చాడు. బొంతని గట్టిగా చుట్టి నేల మీద పెట్టాను. వాడు మోకాళ్ళ మీద కూర్చుని, ఒక అరచేతి మీద ఇంకో అరచెయ్యి పెట్టి, మోచేతులు వంచకుండా నొక్కడం మొదలుపెట్టాడు. నేను పక్కన కూర్చుని లెక్కపెట్టాను. చూస్తూనే తెలిసింది, నర్సమ్మ చూపించినట్టే ఉంది. పదిహేనుకి వాడి కళ్ళలోంచి నీళ్ళు బొంత మీద పడటం మొదలైంది. ముప్ఫై దాటినా ఆపలేదు. వంద దాటింది. చొక్కా తడిసి వీపుకి అతుక్కుంది, మోచేతులు వణుకుతున్నాయి. అయినా వదలడం లేదు.

"నువ్వు అలసిపోయావు, జరుగు" అన్నాను. వాడు చేతులు తీశాడు. వాటి కింద బొంత ఇంకా వెచ్చగా ఉంది. అక్కడే నా చేతులు పెట్టి నొక్కడం మొదలుపెట్టాను. వాడు మొహం తుడుచుకుని, ఒకటి దగ్గర్నుంచి లెక్కపెట్టాడు.